హలో పిన్ని రెండో బోర్డు

ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. తలుపు కొట్టినా, సంతలో ఎదురుపడినా, నిద్రలోంచి లేపినా ఆమె నోట మొదట వచ్చే మాట "హలో". ఆ మాటలో చివరి అక్షరం దగ్గర గొంతు కాస్త పైకి లేచేది, చెప్పండి వింటున్నాను అని కుర్చీ ముందుకు జరుపుకున్నట్టు. అక్క పిల్లలు పెట్టిన పేరు హలో పిన్ని. అది వీధంతా పాకి, చివరికి ఆమె భర్తకు కూడా హలో బాబాయి అన్న పేరు తెచ్చిపెట్టింది. ఆయన మిల్లు బస్సు నడిపేవాడు. "నేను జీవితంలో హారన్ తప్ప ఇంకేమీ కొట్టలేదు, నాకెందుకయ్యా ఈ హలో?" అని నవ్వేవాడు.

పిన్ని చదువు అయీ కాకముందే కాగితం మిల్లులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. మిల్లు ఆఫీసు మేడ మీద, మెట్ల పక్కన, ఒక ఇరుకు గది. కిటికీలోంచి చూస్తే కొండల్లా పేర్చిన కలప దుంగలు, వాటి మీద ఎప్పుడూ తిరిగే కాకులు. గుజ్జు ఉడికే వాసనకు మొదట్లో ముక్కు మూసుకునేది, తరవాత తరవాత సెలవు రోజున అది లేకపోతే ఏదో వెలితిగా ఉండేది. గదిలో గోడంత చెక్క బోర్డు, దాని నిండా వరసలుగా చిల్లులు, ప్రతి చిల్లు మీదా చిన్న ఇత్తడి రేకు. ఎవరైనా ఫోనెత్తితే వాళ్ళ రేకు టప్పున కిందికి వాలేది. పిన్ని తీగ లాగి ఆ చిల్లులో గుచ్చి, "హలో, ఎవరు కావాలి?" అని అడిగి, ఇంకో తీగ అవతలివాళ్ళ చిల్లులో గుచ్చి, "ఒక్క క్షణం, కలుపుతున్నాను" అనేది. వారానికోసారి ప్లగ్గులన్నిటినీ గుడ్డతో మెరిసేలా తుడిచేది. ఆ పని ఎవరూ చెప్పలేదు, ఆమెకు ఇష్టం.

ఆ గదిలో కూర్చుని ఆమె మిల్లు మొత్తాన్నీ చెవులతో చూసింది. బాయిలర్ వాళ్ళు ఫోనెత్తితే అరుస్తారు, అక్కడి మోత అలాంటిది. మేనేజరుగారు దగ్గి గాని మాట మొదలుపెట్టరు. తూకం గుమస్తా ముందు నిట్టూరుస్తాడు. బస్సు షెడ్డు నుంచి మాట్లాడే ఒక డ్రైవరు మాత్రం ఎవరూ అక్కర్లేకపోయినా ఫోనెత్తి, "ఏం లేదండీ, లైను పనిచేస్తోందో లేదో చూద్దామని" అనేవాడు. లైను అంత తరచుగా పరీక్షించాల్సిన అవసరమేమిటో మిల్లులో అందరికీ అర్థమయ్యాక వాళ్ళ పెళ్ళయింది.

ఇంకొక గొంతు ఉండేది. పైఊళ్ళకు కాల్ కావాలంటే నదికి అవతలి పట్నంలో ఉన్న ట్రంకు ఎక్స్ఛేంజీని పిలవాలి. అక్కడ కూర్చునే ఆపరేటర్లలో ఒకామె గొంతు కొంచెం బొంగురుగా, అప్పుడే నవ్వు ఆపుకున్నట్టు ఉండేది. లైను మీద పేర్లు చెప్పుకోకూడదని ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. అందుకని పిన్ని ఆమెను "ట్రంకు" అనేది, ఆమె పిన్నిని "మిల్లు" అనేది. అవతలి ఊరు దొరికేలోపు ఖాళీ సమయంలో ఇద్దరూ లోకాభిరామాయణం విప్పేవారు. పిన్నికి పిల్లలు నిలవలేదని ముందు విన్నది కన్నతల్లి కాదు, ట్రంకు. ట్రంకు భర్త ఇల్లొదిలి వెళ్ళిపోయిన వారం లైను మీద ఆమె మాటలు తక్కువ, ముక్కు చీదడాలు ఎక్కువ. పిన్ని ఊరికే లైను పట్టుకుని కూర్చునేది. ముఖాలు తెలియవు. తెలుసుకోవాలని కూడా తోచలేదు, గొంతే మనిషి.

ఒక సాయంత్రం ట్రంకు, "ఇవాళ లైన్లన్నీ గరగరమంటున్నాయి మిల్లూ, రేపు తీరిగ్గా చెప్తా" అన్నది. ఆ రేపు రాలేదు. మర్నాడు పిన్ని వెళ్ళేసరికి మేస్త్రీలు బోర్డు వెనక పలకలు విప్పేస్తున్నారు. గోడకు తగిలించే ఆటోమేటిక్ పెట్టె వచ్చింది. పట్నానికీ నేరుగా నంబరు తిప్పుకోవచ్చు, మధ్యలో మనిషి అక్కర్లేదు. పిన్నిని స్టోర్సులోకి మార్చారు. బేరింగులు, బోల్టులు, గ్రీజు డబ్బాలు. ఎవరి మీదా కోపం రాలేదు గానీ, ట్రంకు చెప్తానన్నది ఏమిటో అని చాలాకాలం మనసు పీకింది. ఒకసారి ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసి అడిగింది. ఆ సెక్షనే తీసేశారన్నారు. పేరు చెప్పమన్నారు. ఏమని చెబుతుంది?

మిల్లు కూడా కొన్నాళ్ళకు మూతపడింది. బాబాయికీ పిన్నికీ పెద్దపని లేకుండా పోయిన ఆ రోజుల్లో అక్క కూతురు ఒక ఆటోలో దిగింది. ఆటోలో ఆమెతో పాటు సూటుకేసు అంత పొడవున్న ఒక ఇనప పెట్టె. చిన్నప్పుడు ఏ వస్తువైనా పట్టుకుంటే విప్పి చూసేదాకా వదిలేది కాదని బాబాయి ఆ పిల్లకు పట్టకారు అని పేరు పెట్టాడు. ఇప్పుడామె పెద్ద పెద్ద కంపెనీల సర్వర్లు చూసుకునే ఆఫీసులో పనిచేసి, ఆ ఆఫీసు ఊరు మారుతుంటే వెళ్ళనని మానేసి, వాళ్ళు పారేయబోతున్న పాత సర్వరును అడిగి తెచ్చుకుంది.

"ఉద్యోగం పోయినవాళ్ళు ఏడుస్తూ వస్తారు, ఇది ఇనప సామాను మోసుకుంటూ వచ్చింది," అన్నాడు బాబాయి.

"ఏడుపు దారిలో అయిపోయింది బాబాయ్. ఆ చివర కాస్త పట్టుకో," అన్నది పట్టకారు.

మెట్ల కింద చీపుర్లూ పాత గొడుగులూ పెట్టుకునే కొట్టులో దాన్ని పెట్టారు. ఆన్ చేస్తే విమానం లేవబోతున్నట్టు హోరు. కింది వాటాలో ఉండే పళ్ళ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు, తన డ్రిల్లు పాడైందేమోనని. అలా వచ్చినవాడు మెట్ల మీద కూర్చుని తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆస్పత్రికి ఒకటే ఫోను. చేతులు రోగి నోట్లో ఉన్నప్పుడే అది మోగుతుంది. బయట కూర్చునే అమ్మాయికి ఒకటి, కట్టుడు పళ్ళు చేసే గదికి ఒకటి, ఇంటికి ఒకటి కావాలి. ఫోన్ల పెట్టె అమ్మే కంపెనీవాళ్ళు టైలు కట్టుకుని వచ్చి ధర చెప్పారు.

"మత్తివ్వకుండా పన్ను పీకినట్టయింది నాకు," అన్నాడు డాక్టరు.

పట్టకారు చీపురు కట్ట మీద చెయ్యి ఆనించి ఆలోచించింది. "మీరు పెట్టె కొనక్కర్లేదు డాక్టరుగారూ. పెట్టె ఇక్కడుంటుంది, ఈ మెట్ల కింద. మీ గదుల్లో ఫోన్లు మాత్రం ఉంటాయి. ఇంటర్నెట్ తీగ మీద మాట వెళ్తుంది, వస్తుంది. మీరు నెలనెలా వాడుకున్నంతకే ఇవ్వండి."

డాక్టరు వెళ్ళాక పిన్ని చిన్నగా అడిగింది. "ఎక్స్ఛేంజీ అంటే మాటలా? మా మిల్లుకి అది తేవడానికి లారీ వచ్చింది. నువ్వెక్కణ్ణుంచి తెస్తావే?"

"అది ఇప్పుడు సాఫ్ట్‌వేరే పిన్నీ. ఎవరెవరో దేశదేశాల వాళ్ళు కూర్చుని రాశారు. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు."

"ఊరికేనా?"

"ఊరికే."

"ఊరికే ఎందుకిస్తారే?"

"వాళ్ళకి సరదా కావచ్చు. నువ్వు ఆ ప్లగ్గులు తుడిచేదానివట కదా, నీకెవరైనా చెప్పారా?"

పిన్ని చీర చెంగుతో ఆ పెట్టె మీది దుమ్ము తుడిచింది.

సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక ఎత్తు, అది మాట్లాడడం ఒక ఎత్తు అయింది. మొదటిసారి డాక్టరు గది నుంచి ఫోన్ చేస్తే మేడ మీద మోగింది. బాబాయి ఎత్తాడు. ఆయన మాట కింద డాక్టరుకు వినిపిస్తోంది, డాక్టరు మాట ఆయనకు వినపడటం లేదు. "హలో! హలో!" అని అరిచి, ఫోను అటూ ఇటూ తిప్పి చూసి పిన్ని చేతికిచ్చాడు. "నువ్వు మాట్లాడు. ఒక్కళ్ళే మాట్లాడే ఫోను నీకే నప్పుతుంది."

చాలా రోజులు అదే తంతు. పట్టకారుకు తల ప్రాణం తోకకొచ్చింది. సెట్టింగులన్నీ విప్పింది, మళ్ళీ పెట్టింది. చివరికి ఒక పొద్దున టీ తాగుతూ, "పిన్నీ, దొరికింది! బయటికెళ్ళే మాట మీద ఇంటి లోపలి అడ్రసు రాస్తోందే ఇది. అవతలివాళ్ళు జవాబు ఎక్కడికి పంపాలి? వీధి పేరు లేకుండా, వంటింటి పక్క గది అని రాస్తే పోస్టుమాను ఏం చేస్తాడు?" అన్నది. రూటరులో ఒక్క వరస మార్చింది. కిందినుంచి డాక్టరు గొంతు పక్కనే కూర్చున్నంత స్పష్టంగా వచ్చింది. "వినపడుతోందా పిన్నిగారూ?" పిన్ని ఫోను చెవికి ఆనించుకుని నిలబడిపోయింది. లైను అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎప్పుడూ వినలేదు. గరగర లేదు, కిరకిర లేదు. కాస్త గరగర ఉంటే బాగుండేదనిపించింది కూడా.

డాక్టరుకు పెట్టింది చూసి అచ్చు ఆఫీసు ఆయన తనకూ కావాలని అడిగాడు. ఆయన బావమరిది కుళాయిలు బాగుచేసే మేస్త్రీ. ఆ మేస్త్రీ పనికెళ్ళే ఇంటి పక్కన కుట్టు మిషన్ల కొట్టు. ఒక్కొక్కరికీ ఒక్కో సర్వరు ఎక్కడ తెచ్చేది? అందరినీ ఒకే ఎక్స్ఛేంజీలో పెడితే మేస్త్రీ తప్పు మీట నొక్కితే డాక్టరు ఫోను మూగబోతుంది. పట్టకారు ఉన్న ఒక్క యంత్రాన్నే ముక్కలు చేసింది. పెట్టె విప్పలేదు, లోపల సాఫ్ట్‌వేర్‌తోనే. పిన్నికి అర్థమయ్యేలా చెప్పాలని తంటాలు పడుతుంటే పిన్నే అందుకుంది.

"అంటే ఇల్లొకటే, వాటాలు వేరు. ఎవరి తాళం వాళ్ళది, ఎవరి వంట వాళ్ళది. ఒకళ్ళ గదిలో కుండ పగిలినా పక్కవాళ్ళకి తడి తగలదు. అంతేనా?"

"అంతే. వాళ్ళకి పక్క వాటా ఉన్నట్టు కూడా తెలియదు."

"మరి ఇంటి ఓనరు?"

"ఓనరమ్మవి నువ్వే. కొట్టు నీది కదా."

అప్పటినుంచి ఆ ఇంట్లో కొత్త కంపెనీ చేరితే "కొత్త వాటా దిగింది" అనడం అలవాటైంది. "కుట్టు మిషన్ల వాటా ఇవాళ ముక్కుతోంది" అంటే దాని మీద కాల్స్ ఎక్కువగా ఉన్నాయని అర్థం.

ప్రతి వాటాకూ ఒక స్వాగతం కావాలి. ఫలానా వారికి ఇది నొక్కండి, ఫలానా వారికి అది నొక్కండి. పట్టకారు గొంతు పరీక్షలో జవాబు చెబుతున్నట్టు ఉంది, బాబాయిది బస్సు బయల్దేరుతున్నట్టు ఉంది. పిన్ని దుప్పటి కప్పుకుని, వీధి చప్పుడు రాకుండా బీరువా తలుపు తెరిచి అందులో తల పెట్టి రికార్డు చేసింది. చివర్లో ఎవరూ రాసివ్వకుండానే ఆమె నోటి నుంచి "ఒక్క క్షణం, కలుపుతున్నాను" వచ్చేసింది. 'క్షణం' దగ్గర చిన్న విరుపు. పట్టకారు అది కత్తిరించకుండా ఉంచేసింది.

మనిషి లేని కొట్లవాళ్ళ కోసం ఇంకో సదుపాయం పిన్నికే తట్టింది. మేస్త్రీ గోడలో చెయ్యి పెట్టి ఉంటాడు, ఫోనెవరు ఎత్తుతారు? ఆ కాల్ మేడ మీదికి రానిమ్మన్నది. ఫోను తెర మీద కాల్ ఏ వాటాదో పేరు పడుతుంది. పిన్ని ఆ పేరుతోనే పలుకుతుంది. ఒక నిమిషం కుళాయి మేస్త్రీ ఆఫీసు, మరు నిమిషం అచ్చు ఆఫీసు. స్టోర్సులో పోయిందనుకున్న చురుకుదనం తిరిగొచ్చింది. ఎవరికి ఏడుపొస్తోందో, ఎవరికి తొందరో, ఎవరు ఊరికే ధర కనుక్కుంటున్నారో మొదటి మాటకే పట్టేసేది. నీళ్ళు ఇల్లంతా పారుతున్నాయని కేకలు పెట్టే గృహిణితో ముందు "మెయిను కట్టెయ్యమ్మా, మీటరు పక్కన తిప్పేది ఉంటుంది చూడు" అని, ఆ తరవాతే అడ్రసు అడిగేది.

ఒక మధ్యాహ్నం పళ్ళ డాక్టరు తెల్లకోటుతోనే మేడెక్కి వచ్చాడు. "పిన్నిగారూ, మా వాయిస్ మెయిల్లో ఎవరో వింత మెసేజీ పెట్టారు. నాకు ముక్క అర్థం కాలేదు. మీకేమో అనిపించింది."

పట్టకారు దాన్ని స్పీకరులో పెట్టింది.

"డాక్టరుగారూ, మీ ఊళ్ళో ఉన్న మా ఆడపడుచు కట్టుడు పళ్ళ గురించి చేశాను. పళ్ళ సంగతి తరవాత. ముందు నొక్కండి నొక్కండి అని చెప్పిందే, ఆ గొంతు ఎవరిది? రెండు సార్లు పెట్టేసి మళ్ళీ చేసి విన్నాను. అది కాగితం మిల్లు బోర్డు గొంతేనా? అయితే ట్రంకు అడిగిందని చెప్పండి. కాకపోతే ఏమీ అనుకోకండి, ముసలిదాని చాదస్తం."

బొంగురు గొంతు. అప్పుడే నవ్వు ఆపుకున్నట్టు.

పిన్ని మంచం అంచున కూర్చుంది. బాబాయి ఒక్కడికే సంగతి తెలుసు. ఆయన మెసేజీతో వచ్చిన నంబరు నొక్కి ఫోను ఆమె చేతిలో పెట్టాడు. అవతల ఎత్తారు.

"హలో," అన్నది పిన్ని.

"మిల్లూ?"

"ట్రంకూ!"

"చచ్చావనుకున్నానే."

"నేనూ అంతే అనుకున్నా. ఆ రోజు ఏదో రేపు చెప్తానన్నావు. ఏంటది?"

"ఏ రోజు?"

"లైన్లన్నీ గరగరమంటున్నాయన్నావు చూడు, ఆ రోజు."

ట్రంకు ఆలోచించింది. "ఏమో. గుర్తు లేదే. కూర మాడబెట్టానని చెప్పబోయి ఉంటా."

పిన్ని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇన్నేళ్ళూ ఏ పెద్ద రహస్యమో అని మోసిన మాట అది. డాక్టరు మెల్లగా మెట్లు దిగిపోయాడు, కింద ఎవరో నోరు తెరుచుకుని కూర్చున్నారని గుర్తొచ్చి.

ట్రంకు ఒంటరిగా ఉంటోంది. ఎక్స్ఛేంజీ మూశాక ఒక బడిలో హాజరు రాసే పని చేసి మానేసింది. రోజూ మాట్లాడుకోవడం మొదలైంది. మొదట గంటలకొద్దీ. తరవాత పిన్నికి కాల్స్ ఎక్కువై, "ఉండు, మేస్త్రీ వాటా మోగుతోంది" అని మధ్యలో వదిలెయ్యాల్సి వచ్చేది. అటువంటి ఒక రోజు పట్టకారు అన్నం తింటూ చటుక్కున ఆగింది.

"పిన్నీ, ఆవిణ్ణి కూడా కూర్చోబెడితే?"

"ఎక్కడ కూర్చోబెడతావే? ఆవిడది నది అవతల."

"కొట్టులో ఉన్నది సర్వరే గానీ సీట్లు కాదుగా. ఫోను ఎక్కడ పెడితే అక్కడే సీటు. ఇంటర్నెట్ ఉంటే చాలు. ఇక్కడ నీది ఒక ఎక్స్‌టెన్షన్, అక్కడ ఆవిడది ఇంకోటి. బోర్డు ఒకటే."

పిన్ని ముక్కున వేలేసుకుంది. నాలుగు రోజుల్లో ఒక అట్టపెట్టె పట్నానికి వెళ్ళింది. సెట్టింగులన్నీ ముందే పెట్టి, ఏ తీగ ఎక్కడ గుచ్చాలో తీగలకు రంగు కాగితాలు కట్టి పంపింది పట్టకారు. ట్రంకు పక్కింటివాళ్ళను పిలవకుండా తనే బిగించుకుంది. "తీగ గుచ్చడం నాకు నేర్పిస్తుందా మీ పట్టకారు?" అని ఉడుక్కుంది కూడా.

పిన్ని ఫోను మీద వరసగా చిన్న దీపాలుంటాయి. ట్రంకు సీట్లో కూర్చోగానే ఒక దీపం ఆకుపచ్చగా వెలిగింది. ఎవరితోనైనా మాట్లాడుతుంటే ఎర్రబడుతుంది. లేచి వెళ్ళి మూసేసిందంటే ఆరిపోతుంది. పిన్ని పని చేస్తూ చేస్తూ దాన్ని ఓరకంట చూసుకునేది. మిల్లులో ఉండగా ట్రంకు ఎప్పుడు సీట్లో ఉందో, ఎప్పుడు లేదో పిలిచి చూస్తే గాని తెలిసేది కాదు. ఇప్పుడు ఎరుపు వెలిగితే "ఎవరితోనో పోట్లాట పెట్టుకుంది" అని బాబాయితో అనేది. సగం సార్లు నిజమే. ట్రంకుకు ఓపిక తక్కువ. బిల్లు మీద అరిచిన ఒక పెద్దమనిషిని, "ముందు మంచినీళ్ళు తాగి రండి, లైను పట్టుకుంటాను" అన్నది. ఆయన నిజంగానే వెళ్ళి తాగొచ్చాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం మెట్ల పైకప్పు పెంకు జారి కొట్టులోకి నీళ్ళు కారాయి. సర్వరు ఒక్కసారి గట్టిగా బుసకొట్టి ఆగిపోయింది. మేడ మీద అన్ని దీపాలూ ఆరాయి. డాక్టరు, మేస్త్రీ, అచ్చు ఆఫీసు, ఆమధ్య దిగిన పాల కేంద్రం, అందరూ ఒకేసారి మూగబోయారు. బాబాయి యంత్రం మీదికి గొడుగు పట్టి నిలబడ్డాడు, తను తడుస్తూ. పట్టకారు మేడ మీదికి పరుగెత్తింది. తన గదిలో ఇంకో పాత కంప్యూటరు ఉంది. వాటాలన్నిటి నకళ్ళూ అందులో రోజూ దాస్తుంది. "ఇల్లు కూలినా వాటాలున్నాయి పిన్నీ, వేరే ఇంట్లో దింపుతా. నువ్వు జనాలకి చెప్పు." పిన్ని సొంత మొబైల్ నుంచి ఒక్కొక్క కొట్టుకూ ఫోన్ చేసింది, అవతల ట్రంకు తన మొబైల్ నుంచి సగం మందికి చేసింది. "కాస్త ఇబ్బంది వచ్చింది, టీ తాగేలోపు వచ్చేస్తుంది" అని ఇద్దరూ ఒకే మాట, ముందుగా అనుకోకుండానే. టీ ఒకటి కాదు, చాలామంది రెండు మూడు తాగాల్సి వచ్చింది. చీకటి పడకముందే ఆకుపచ్చ దీపాలు ఒకటొకటిగా వెలిగాయి. డాక్టరు వాటా ముందు, పాల కేంద్రం చివర. నకలు ముందురోజుది కావడం వల్ల పాల కేంద్రం వాళ్ళకు అంతకుముందు పెట్టుకున్న పాత స్వాగతం వినిపించింది. వాళ్ళు మాత్రం పాతదే బాగుంది ఉంచెయ్యమన్నారు.

ఆ మరుసటి వారమే పట్టకారు సర్వరును కొట్టులోంచి తీసి, ఊరి మధ్య పైకప్పు గట్టిగా ఉన్న గదిలో అద్దెకు పెట్టింది. ట్రంకు కూడా అప్పుడే, "ఆ పెట్టెను నేనొకసారి వచ్చి చూస్తానే" అన్నది. వచ్చేది తనను చూడటానికే అని పిన్నికి తెలుసు, ట్రంకు ఒప్పుకోదు.

బస్టాండులో పిన్నీ బాబాయీ నిలబడ్డారు. బస్సు వచ్చింది, జనం దిగారు. సన్నగా పొడుగ్గా హుందాగా ఉంటుందని పిన్ని ఊహ. అలాంటివాళ్ళెవరూ దిగలేదు. పక్కన పొట్టిగా బొద్దుగా ఉన్న ఒకావిడ చేతిసంచి పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. ఆవిడ కూడా ఎవరి కోసమో ఎదురుచూస్తోంది పాపం అనుకుంది పిన్ని. చాలాసేపయ్యాక విసుగొచ్చి మొబైల్ తీసింది.

"ఎక్కడ చచ్చావే?"

"నేనెప్పుడో దిగాను. నువ్వెక్కడ?"

మాట చెవిలోనూ వినపడింది, పక్కనా వినపడింది. ఇద్దరూ ఒకేసారి తల తిప్పారు.

"నువ్వు ఇంత చిన్నగా ఉంటావా!" అన్నది ట్రంకు. "నేనింకా గంభీరంగా ఉంటావనుకున్నా."

బాబాయి సంచి అందుకుంటూ, "గంభీరం లైను మీదే ఉంటుందండీ, ఇంటికి తేదు," అన్నాడు.

ఇంటికొచ్చాక చిత్రం జరిగింది. ఇద్దరికీ మాటలు రాలేదు. టీ ఇచ్చింది పిన్ని. బాగుందన్నది ట్రంకు. ప్రయాణం బాగా జరిగిందా అంటే జరిగిందన్నది. ఒకరి ముఖం ఒకరు చూడటం, చూపు తిప్పుకోవడం. జీవితంలో ఎవరికీ చెప్పనివన్నీ చెప్పుకున్న ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. పట్టకారు గుమ్మంలోంచి చూసి నోరు నొక్కుకుంది. చివరికి ట్రంకు లేచి, "ఆ గదిలో ఫోనుందా?" అని అడిగింది. ఉందన్నది పట్టకారు. ట్రంకు వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. పిన్ని ఫోను మోగింది.

"హలో," అన్నది పిన్ని.

"ఇప్పుడు చెప్పు. ఎలా ఉన్నావు? ఆ టీలో పంచదార అంత వేశావేంటే?"

ఇక ఆగలేదు. గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు. మధ్యలో వాళ్ళ మాట ఊరి నడుమ ఉన్న గదిలోని యంత్రం దాకా వెళ్ళి తిరిగొస్తోంది. బాబాయికి తలుపు సందులోంచి ఒకసారి, ఫోనులోంచి మరోసారి వినపడుతోంది. ఆయన వంటింట్లోకి వెళ్ళి తనే కూర తరిగాడు. ఉన్న నాలుగు రోజులూ అదే వరస. మూడో రోజు నుంచి మధ్య మధ్యలో తలుపు తెరిచి ఎదురెదురుగా కూడా మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. వెళ్ళేరోజు బస్సు ఎక్కుతూ ట్రంకు పిన్ని బుగ్గ మీద చెయ్యి వేసి చూసింది, గొంతుకు ఒక ముఖం అతికించుకుంటున్నట్టు. అసలు పేర్లు అప్పుడు చెప్పుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ వాడలేదు.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ ఇద్దరూ ఆ బోర్డు నడిపారు. ట్రంకుకు ఎడమ చెవి మందగించినప్పుడు కుడి చెవికి మారింది. కుడి చెవి కూడా మొరాయించాక, "కస్టమర్లు నాకు వినపడటం లేదు, నేను మాత్రం వాళ్ళకి బాగా వినపడుతున్నాను, అదేం న్యాయం" అని సీటు వదిలేసింది. పిన్ని అప్పుడు కూడా రోజూ ఫోన్ చేసేది, కాస్త గట్టిగా. ట్రంకు కన్నుమూశాక ఆ ఎక్స్‌టెన్షన్ నంబరును పట్టకారు వేరే ఎవరికీ ఇవ్వలేదు. అలా ఉంచమని పిన్ని అడగలేదు, తనంతట తనే ఇవ్వలేదు.

పట్టకారు దగ్గర ఇప్పుడు పనిచేసేవాళ్ళు చాలామంది. కొత్త సర్వర్లు వచ్చాయి, వాటాలు వందల్లోకి వెళ్ళాయి, పిన్ని ఎప్పుడూ చూడని ఊళ్ళలో కూడా ఉన్నాయి. తను మార్చిన సాఫ్ట్‌వేర్ ముక్కల్ని పట్టకారు మళ్ళీ అందరికీ ఊరికే ఇచ్చేస్తుంది. ఎందుకే అని ఇప్పుడు పిన్ని అడగదు. సీట్లో కూర్చోవడం ఆమె కూడా మానేసింది. స్వాగతాలు రికార్డు చెయ్యమంటే మాత్రం బీరువా దగ్గరికి వెళ్తుంది. ఈమధ్య గొంతులో కాస్త జీర వచ్చింది. ఒక వాక్యం మధ్యలో దగ్గొస్తే మళ్ళీ మొదలుపెడుతుంది.

మొన్న బాబాయి, వాటాల్లో ఒకటైన కళ్ళజోడు కొట్టుకు ఫోన్ చేశాడు. స్వాగతం పలికింది, కాసేపు ఆగమన్నది, ఏదో సంగీతం వినిపించి మళ్ళీ ఆగమన్నది. ఆయన ఫోను పక్కకు పెట్టి, కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతున్న పిన్నిని కేకేశాడు.

"ఎంతసేపు ఆగమంటావే?"

"నన్నడుగుతారేంటి? కొట్టువాళ్ళు ఎత్తాలి."

"ఆగమంటున్నది నువ్వేగా!"

పిన్ని మడతపెట్టిన చొక్కా మంచం మీద వేసి వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకే ఫోనుకు చెవులు ఆనించి, ఎవరో ఒకరు ఎత్తేదాకా ఆమె మాట వింటూ కూర్చున్నారు.